బుగ్గ నీళ్లు

పుష్యమాసం. బేతంచెర్ల ఇంకా లేవలేదు.
పాలిష్ మిల్లుల గేట్లకు తాళాలు,
కాలవలో నిన్నటి రాతిపాలు గడ్డకట్టి ఉంది.
ముగ్గురం బుగ్గకు బయల్దేరినాం:
సుంకులమ్మ, కాంపౌండర్ దస్తగిరి, నేను.
నలుగురం కావాల్సింది.

దారంటే దారి కాదు,
నాపరాయి గనుల నడుమ మిగిలిన వెన్నుపూస.
ఇటు గుంత, అటు గుంత,
గుంతల్లో చుక్కలు మునిగున్నాయి.
"సూసి కాలు పెట్టు సామీ,
ఈ బండ మా నాయన కోసింది, జారుతాది"
అని నవ్వింది సుంకులమ్మ.
బలుసు పొదలో ఏదో కదిలింది.
దస్తగిరి సెల్లు లైటు అటు తిప్పితే
రెండు పచ్చ కళ్లు, తర్వాత ఏమీ లేదు.
నక్కనో కుక్కనో తేల్చుకునేదానికి
అర మైలు పట్టింది.

కొండ ఎక్కేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు.
నోరు తెరిస్తే పొగ ఒక్కటే వచ్చింది.

ముందు వాసన తగిలింది, తడి మట్టి, నాచు.
తర్వాత చప్పుడు,
ఎవరో నిద్రలో గుటక వేసినట్టు.
బండ సందున బుగ్గ.
దాని మీద ఆవిరి,
పొయ్యి ఆర్పినాక లేచేపాటిది.

సుంకులమ్మ చేతులు ముంచింది.
పదకొండేళ్లు రాతిపిండిలో నానిన చేతులు,
గీతలన్నీ అరిగిపోయి
రేషన్ షాపు మిషను గుర్తుపట్టని వేళ్లు.
"ఉడుకు" అనింది. కళ్లు మూసుకుంది.

దస్తగిరి ఊరుకుంటాడా!
జేబులోంచి ఆసుపత్రి థర్మామీటరు తీసి
నీళ్లలో పెట్టి, లైటు వేసి, విదిలించి, మళ్లీ పెట్టి
"పాదరసం లేవనే లేదు. ఇది ఉడుకు కాదు.
ఎండాకాలం ఎంతో ఇప్పుడూ అంతే.
మనమే చల్లబడి వచ్చినాం."
"నీ గాజుపుల్లకు సలి తెలుసునా?"
అనింది ఆమె, చేతులు తీయకుండానే.

నేను గొంతు దాకా దిగినాను.
కింద గులకరాళ్లను కదిలించుకుంటూ
నీళ్లు అరికాళ్లు తడిమినాయి.
మిల్లులో హాజరు రాసేది నేనే.
మాబున్ని పేరెదురుగా ఇరవై రెండు రోజులు
సున్నాలు చుట్టిన చెయ్యి ఇదే.
అది కూడా వెచ్చగానే ఉంది నీళ్లలో.

గని అంచు మీద తెలుపు, తర్వాత ఎరుపు.
మొదటి లారీ హారన్‌కు ఎవరూ లేవలేదు.
రెండో దానికి లేచినాం.

తిరుగుదారిలో సుంకులమ్మ
రెండు లీటర్ల సీసా పైట కింద పట్టుకొని నడిచింది,
పసిబిడ్డను తెచ్చినట్టు.
మాబున్నికి.
కట్టర్ మిషను రెండు వేళ్లు తీసుకున్నాక
కుట్లు తడవగూడదన్నారు, అందుకే రాలేదు.
రాలేదో, రాబుద్ధి కాలేదో, మేం అడగలేదు.

రైలు గేటు దగ్గరికే సీసా చల్లారింది.
నేను పట్టుకొని చూసినాను.
దస్తగిరి కూడా పట్టుకున్నాడు,
జేబులో చెయ్యి పెట్టి
ఉత్త చెయ్యే బయటికి తీసినాడు.

మాబున్ని కట్టు లేని చేత్తో అందుకుంది.
కాసేపు చెంపకు ఆనించుకుంది.
"బుగ్గకు బుగ్గ" అని తనే నవ్వి
"ఇంగా ఉడుకుగానే ఉండాదే" అనింది.

అవతల మిల్లులో
ఎవరో మోటరు వేసినారు.