ఎర్రగడ్డ పైపొర

కోసిగి జూనియర్ కాలేజీ ల్యాబులో
ఇరవై రెండేళ్ళుగా ఎర్రగడ్డలు కోస్తున్నా.
కూరకు కాదు.
ముదురు రంగుది ఏరి, నాలుగు చెక్కలు చేసి,
ఊదా పైపొరను గోటితో లాగితే
తడి కాగితంలా వస్తుంది.
దాన్ని గాజుపలక మీద ముడత పడకుండా పరవడం నా పని.
మిగతాది షంషాద్ మేడం చెప్తారు.

ద్రవాభిసరణం.
నోరు తిరగని మాట; చేరిన ఏడు
బెంచీ అడుగున సుద్దముక్కతో రాసుకున్నా.
ఇన్నేళ్ళకు నాకు తెలిసింది ఇంతే:
నీళ్ళను ఎవరూ తోయరు.
ఉప్పు ఎటు ఎక్కువుంటే అటు
అవే నడిచిపోతాయి.

ఒక చుక్క ఉప్పునీళ్ళు వేసి
గొట్టంలోకి కన్ను పెడితే
గోడలు గోడల్లాగే ఉంటాయి, వరసన వరస.
లోపలి ఊదా మాత్రం అంచులు వదిలి
నడిమికి ముడుచుకుంటుంది,
చలికి మోకాళ్ళు పొట్టలోకి లాక్కున్నట్టు.

ఆ బొమ్మ గీయాల్సిన ఉరుకుందమ్మ
దీపావళి దాటినాక రాలేదు.
సుగ్గికి పోయిందన్నారు, గుంటూరు దిక్కు.
హాజరు కాగితం ఇద్దామని వాళ్ళ వీధికి పోయినా.
తాళం, తాళం, తాళం.
ఒక అరుగు మీద ఎవరిదో ఒంటి చెప్పు.
గోడలు గోడల్లాగే ఉన్నాయి.

ప్రాక్టికల్స్ ముందురోజు బస్సు దిగింది.
మిరప కోసిన వేళ్ళు.
"ఆ చేత్తో కన్ను తుడుచుకోవద్దు పాపా" అన్నా.
పొర ఆ పిల్లే లాగింది, నాకంటే పల్చగా.

మామూలు నీళ్ళు పోస్తే కణం మళ్ళీ నిండుతుంది,
మరీ ఆలస్యం కాకుంటే, అన్నారు మేడం.
ఏటా అనే మాటే.
"ఎంత ఆలస్యం మేడం?"
ఏ బ్యాచీ అడగలేదు ఇది.
మేడం కాసేపు కిటికీ వైపు చూసి
"అది ఉప్పును బట్టి" అన్నారు.

మా కుళాయిలో వచ్చేవే ఉప్పన.
మామూలు నీళ్ళకు క్యాను కొనాలి, ఇరవై రూపాయలు.
దాంట్లోంచి ఒక చుక్క వేసి
అద్దుడు కాగితంతో ఇవతలి నుంచి లాగినా.

"వస్తాండాది... వస్తాండాది సార్!"
ఊదా మెల్లగా పరుచుకుని
గోడకు భుజం ఆనించింది.
ఒక్క మూలగది మాత్రం నిండలేదు.

రికార్డులో దాన్నీ గీసింది, ఉన్నదున్నట్టు.
మేడం ఎర్రపెన్ను ఆ గది మీద ఆగి,
దిద్దకుండానే పేజీ తిప్పింది.

మిగిలిన సగం గడ్డ, ఉప్పు తగలనిది,
ఆ పిల్ల పొట్లం కట్టుకుంది.
రాత్రి రొట్టెలోకంట.