తరుగు

పలాసలో, రైలుగేటు అవతల
జీడి ఫ్యాక్టరీ కాటా దగ్గర కూర్చుంటాను నేను.
డిగ్రీ చదివినందుకు కుర్చీ ఇచ్చారు.
నాకంటే ముందు ఈ కుర్చీలో ఉన్న అప్పన్న జీతం మాత్రం
అప్పన్నతోనే వెళ్ళిపోయింది.
"నీడపట్టున కూకుంతావు, నీకేటి కష్టం" అన్నాడు షావుకారు.
అప్పన్న కూడా ఈ నీడలోనే కూర్చునేవాడు.

ఐదున్నరకి వరస కడతారు
తవిటమ్మ, దమయంతి, ఇద్దరు అసిరమ్మలు, ఇంకా ఎందరో
బూడిద రాసుకున్న చేతుల్తో డబ్బాలు పట్టుకుని.
గుండుకి ఒక రేటు.
బద్దకి అందులో సగం.
ముక్క సంగతి అడగొద్దు.

పిక్కలు కాల్చే మగవాళ్ళకి రోజు కూలి,
పప్పు తీసే ఆడవాళ్ళకి కిలో లెక్క.
అంటే వాళ్ళకి పొద్దుని కొలుస్తారు,
వీళ్ళకి వేళ్ళని.

ఆపైన తరుగు.
కిలోకి యాభై గ్రాములు
తేమకని, దుమ్ముకని, ఎలక తినబోయేదానికని.
కాటా చెప్పేది ఒకటి, పుస్తకంలో పడేది ఇంకొకటి.
ఆరేళ్ళుగా ఆ కోత కోస్తున్నది
ఈ చెయ్యే.

మొన్న తవిటమ్మ బ్యాంకుకెళ్తే
వేలిముద్ర మిషను ఆవిణ్ణి గుర్తుపట్టలేదు.
బొటనవేలు, చూపుడువేలు, ఎడంచెయ్యి, మళ్ళీ బొటనవేలు.
ముప్పైయేళ్ళ జీడినూనె గీతలన్నీ తినేసింది.
"నాను నాను కాదంతంది, సూడే" అని
వేళ్ళు నా ముందు పరిచి నవ్వింది.
నున్నగా ఉన్నాయి,
పొట్టు తీసిన గుండులాగ.

ఇంటి దగ్గర గొడవ వేరే.
అన్నంలో జీడి వాసనొస్తోందని మొగుడు కంచం నెట్టేస్తాడట.
అదే వాసన నోట్లకి అంటదు కాబోలు.
నేనేం తక్కువ తిన్నాను?
నా ఏటీఎం కార్డు ఉండేది
మా ఆయన పర్సులో.

పోయినేడు మహిళా దినోత్సవమని
లారీ షెడ్డులో కుర్చీలేయించి
తలకో స్టీలు గిన్నె పంచారు.
"మీరు ఆకాశంలో సగం" అన్నాడు మైకులో, వచ్చినాయన.
దమయంతి నా చెవిలో గొణిగింది:
"సగమంతే, బద్ద రేటేనేటే?"
మా వరస నవ్విన నవ్వుకి
ఆయన కాసేపు కాగితం వెతుక్కున్నాడు.

పప్పు విప్పి చూడండి ఎప్పుడైనా.
రెండు బద్దలూ ఒక్క తూకం.
ఏది మగదో ఏది ఆడదో ఏ షావుకారూ చెప్పలేడు.
ఈ మాటే దమయంతితో అంటే
"సదువుకున్నోల కబుర్లు సాలుగానీ
తరుగెప్పుడు మానుతావో సెప్పు" అంది.

నిన్న తవిటమ్మ వంతు.
నాలుగు కిలోల రెండొందలు.
నాలుగని రాయడం అలవాటు.
నాలుగూ రెండొందలూ రాశాను.

ఆవిడ పుస్తకంలోకి చూడనేలేదు, చదువు రాదు.
వెనకున్న చిన్న అసిరమ్మ చూసింది.
ఎనిమిది దాకా చదివిన పిల్ల.
తన డబ్బా కాటా మీద పెట్టి
నా పెన్ను కేసి చూస్తూ నించుంది.

దాని వెనక ఇంకా ముప్పైమంది.
లోపల ఫ్యాను కింద షావుకారు
కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.