ఊ కొట్టే పని

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో
రక్తపరీక్షల ల్యాబ్ పైన, మెట్లెక్కగానే ఎడమచేతి గది.
బోర్డు మీద నా పేరు పక్కన డిగ్రీలున్నాయి గానీ
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను చేసింది
ఊ కొట్టడం.

మొదట్లో ప్రశ్నల కాగితం ఇచ్చేదాన్ని.
గత రెండు వారాల్లో ఎన్నిసార్లు దిగులుగా అనిపించింది?
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా.
దరియావలి
(పేరు మార్చాను, బస్తా మార్చలేదు)
ఆ కాగితం తిప్పి నా బల్ల మీదే పెట్టాడు.
"యార్డులో దించేశాక కూడా
వీపు మీద బస్తా దిగట్లేదు మేడమ్."

పెన్ను మూత పెట్టాను.
ఎన్ని కిలోలు?
నలభై ఐదు, తడుముకోకుండా అన్నాడు.
ఏ రకం?
తేజ.
మూతి కుట్టిందెవరు?
చాలాసేపు ఫ్యాను చప్పుడే.
"మా తమ్ముడు."

దించమని నేననలేదు.
కాటా మీద పెట్టి చూద్దామా అన్నాను.
ప్రతి గురువారం తూచేవాళ్ళం.
నలభై మూడు. మళ్ళీ నలభై ఐదు.
యార్డుకి వేసవి సెలవులిచ్చిన నెలలో యాభై.
ఒక ముసురు రోజున ముప్ఫై ఎనిమిదన్నాడు,
ఆ లేని మిరప ఘాటుకి నిజంగానే తుమ్మాడు,
ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.
సున్నా ఎప్పుడూ కాలేదు.
"పన్నెండు కిలోలుంది, ఇది నాకు ఉండనివ్వండి" అని
చెప్పులు వేసుకున్నాడు చివరి రోజు.

మూలన ఇసుక ట్రే.
సీతానగరం రేవు ఇసుక, రెండుసార్లు జల్లెడ పట్టాం.
పక్కన అట్టపెట్టెలో బొమ్మలు, తాళంకప్ప, దారపుండ,
ఒక కాలు విరిగిన ఆవు.
మాట మానేసిన పిల్లాడొకడు
వచ్చినప్పుడల్లా బస్సుని పూడ్చి
డ్రైవర్ని బయట నిలబెట్టేవాడు.
ఎందుకని అడగలేదు.
ఎనిమిదో వారం
డ్రైవర్ నెత్తిన బాదం ఆకు పట్టాడు, గొడుగులా.

మా మేష్టారు అనేవారు,
మనసు తెచ్చుకున్న బొమ్మ పుండు మీద పక్కు లాంటిదమ్మా,
గోకకు, దానంతట అదే రాలాలి.

ఇంకో కథ ఉంది.
చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

కోచింగ్ హాస్టల్ నుంచి వచ్చిన పిల్ల,
చున్నీ కొసకి సిరా మరక.
"నాకో తలుపు కనబడుతుంది మేడమ్,
లోపలివైపు పిడి లేదు."
ఆ రోజు కరెంటు లేదు, బయట అయిదుగురున్నారు,
అయిదున్నరకి నేను బ్యాంకుకి పోవాలి.
ఆ తలుపుకి నేనే పిడి బిగించాను,
నేనే తెరిచాను,
అవతల వెలుతురు కూడా నేనే పోశాను.
ఊ, అంది ఆ పిల్ల.
నేను కొట్టాల్సిన ఊ.

కథ కంచికి వెళ్ళింది.
తను ఇంటికి వెళ్ళిందో లేదో తెలీదు.
తర్వాతి గురువారం కుర్చీ ఖాళీ.
హాస్టల్ ఫోను మోగి మోగి ఆగిపోయింది.
రెండు వీధులు తిరిగి, వార్డెన్‌ని అడిగితే
ఖాళీ చేసిందమ్మా, అని రిజిస్టరు మూసేసింది.
అప్పట్నించి
ఏ కథనీ నేను కంచికి పంపలేదు.

నెలాఖరుకి గది అప్పగించాలి.
సువార్తమ్మ అలమర దులుపుతోంది.
ఇరవై రెండేళ్ళు ఆ పరదా అవతల స్టూలు మీద కూర్చుంది,
ఏం విందో ఏం వినలేదో
ఒక్కనాడూ అనలేదు.
ట్రే ఒంపుతుంటే ఇసుకలోంచి బస్సు బయటపడింది,
చక్రాలు తుప్పు.
"ఇదెవరిదమ్మా?"

చెప్పబోయి ఆగాను.
నోట్లోంచి వేరే మాట వచ్చింది.
అనగనగా ఒక తలుపు, అన్నాను.

"ఊ," అంది సువార్తమ్మ,
చీపురు ఆపకుండానే.