నమూనా ధర

ఉచితం ముప్పై రోజులు. ఇరవై ఆరు అయిపోయినయ్.
నక్కలగుట్టల, జిరాక్స్ షాపు మీది గదిల
రెండు కంప్యూటర్లు, నీళ్ళు కారే కూలరు,
నెల రోజులుగ ఒకటే పంచాయితీ:
దేంట్ల గీద్దాం?

సారంగపాణి మొగులు అంటడు.
బ్రౌజర్ల తెరిస్తే చాలు,
ఇక్కడ మనం గీస్తుంటే
హైదరాబాద్ల పైసలిచ్చేటాయన అక్కడ చూస్తుంటడు.
ఆయన బాణం గుర్తు మన డబ్బాల మీద
ఈగ లెక్క తిరుగుతుంటది.
నెలనెలా కిరాయి, మనిషికింత.
నెట్ పోయిన దినం మాత్రం
మొగులు మొగులే, చేతికందది.

నేను బండ అంట.
ఒక్కసారి కొన్నం, కంప్యూటర్ల కూసున్నది, కదలది.
ఎవల బాణమూ రాదు.
కానీ ఫైళ్ళ పేర్లు చూడాలె:
ఆఖరిది. ఆఖరిది రెండు. ఇగ ఇదే ఆఖరిది.
పాణి మార్చింది, తెరవొద్దు.

పట్టిక గీసినం. ఇటు ఏడు టిక్కులు, అటు ఏడు.
"పట్టిక గూడ మొగుల్లనే గీసినవ్ గదా" అని
పాణి నవ్విండు.

ఎనుమాముల పోదాం అన్నది నేనే.
ఎవలకోసం చేస్తున్నమో వాళ్ళ చేతిల పెడితే తెలుస్తది.

మార్చి నెల. యార్డు గేటు దాటంగనే
ముక్కుల ఘాటు, కండ్లల్ల నీళ్ళు.
దడువాయి తుమ్ముతున్నడు, కాంటా తుమ్ముతున్నట్టే ఊగుతున్నది.
నా ఫోన్ల బండ గీసిన బూడిద రంగు డబ్బాలు.
పాణి ఫోన్ల పచ్చ గుండీ, దాని కింద నీడ,
నొక్కితే లోపలికి పోయి వెనక్కొచ్చే తెర.
అచ్చం పనిచేస్తున్నట్టే.

నర్సంపేట అవతల నుంచొచ్చిన కొమురమ్మ
పదకొండు బస్తాల మీద కూసున్నది.
ముందు నాది ఇచ్చిన.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"ఇంకా సున్నం గూడ ఎయ్యలే గదా బిడ్డా."
ఇచ్చేసింది.

తర్వాత పాణిది.
బొటనవేలు ఆనిన కాడల్లా తెర మీద ఎర్రటి మరక.
నొక్కింది. జారింది. ధర వచ్చింది.
క్వింటాలుకు ఇరవై రెండు వేల నాలుగొందలు.
అమ్మండి అన్న గుండీ నొక్కింది.
మీ సరుకు అమ్ముడుపోయింది అని
పచ్చ టిక్కు గిర్రున తిరిగి నిలబడ్డది.

ఆమె లేచింది.
కొంగు దులిపి కేకేసింది:
"ఓ ఐలయ్యా, లేపు బస్తాలు!
ఇరవై రెండుకు పైననే పోయినయ్!"
ఐలయ్య కొక్కెం గుచ్చిండు గూడ.

ఆ అంకె నేను కొట్టిందే.
బుధవారం రాత్రి, డబ్బా ఖాళీగ ఉన్నదని,
బండ బండ అని కొట్లాడుకుంటనే మొగుల్లకు చొరబడి
ఐదంకెలైతే నిండుగ ఉంటదని,
రెండు పక్కన రెండు అందంగ ఉంటదని.

ఎట్ల చెప్పాలె?
"ఉత్తుత్తిది అమ్మా" అన్నడు పాణి.
గొంతు సగమే వచ్చింది.
"ఉత్తుత్తిదా."
కోపం గాలె. కొక్కెం తీయమని ఐలయ్యకు చెయ్యూపి,
ఫోను కొంగుతోని తుడిచి
మరక ఇంకింత పెద్దగ చేసి ఇచ్చింది.
"పొద్దుగాల జెండా పాట పదిహేడు వేలన్నరు.
నా కాడికొచ్చేసరికి పదమూడు.
గదెవలు గీసిండ్రు బిడ్డా?
గది గూడ మీదేనా?"

బండి మీద వస్తుంటే ఎవలమూ మాట్లాడలే.
కండ్లు మండుతనే ఉన్నయ్, పోచమ్మ మైదాన్ దాటినంక గూడ.

మొగులే కొన్నం.
ఎందుకని అడిగితే టిక్కులు చూపెట్టలేం.
ఆ రాత్రి ధర డబ్బాల అంకె తీసేసిన,
ఉత్త గీత పెట్టిన.
పాణి ఏమనలే.
తెర బోసినోరు లెక్క కనబడ్డది.

తొమ్మిదింటికి హైదరాబాద్ బాణం వచ్చింది.
తిరిగి తిరిగి ఆ గీత మీద వాలింది.
ఇక్కడ ఏదన్నా అంకె పెట్టండి, బాగుంటది, అని రాసింది.

నా బాణం గూడ తెచ్చి
దాని పక్కన ఆపిన.
వేలికి ఇంకా కారం వాసన.
ఎలుక కదిలియ్యలే.