తొమ్మిది చిల్లులు

బస్టాండు కాడ మా కేక మారింది.
నిన్నటిదాకా గండికోట, ఒంటిమిట్ట, పెద్ద దర్గా.
ఇప్పుడు "ఆటల మ్యూజియం, మనిషికి ఇరవై!"
కారం దోసెకు పది రూపాయలు పెరిగింది.
ఏడురోడ్ల కాడ లాడ్జీకి కొత్త సున్నం.
బెంగుళూరోళ్ళు మా కడపలో
సెల్ఫీలకు దిగుతాండారంటే చూడు.

ఈ పొద్దు దస్తగిరి తాత ఎక్కినాడు,
నలభై ఏండ్లు స్టేడియంలో గీతలు గీసిన మనిషి.
బాడుగ వద్దులే అంటే
"ఈ పొద్దు నేనూ టూరిస్టునే గదరా" అని
రెండు పది నోట్లు ముందే చేతిలో పెట్టినాడు.
కండ్లు ఆనవని నన్నూ లోపలికి పిలిచినాడు.

కప్పులు, పతకాలు, ఎవరివో బూట్లు.
మూలన అద్దాల పెట్టెలో
బోర్లించిన డాల్డా డబ్బా, అంతా తుప్పు.
"సుద్దపొడి డబ్బా. ఇచ్చినవారు తెలియదు."
చీటీ నేను చదువుతాంటే తాత వినలేదు,
అద్దానికి ముక్కు ఆనించి
చిల్లులు లెక్కపెడతాండాడు.
"తొమ్మిదే. పదోది కొడతాంటే మేకు వంగిపాయ."

ఒక పాప అడిగింది,
గీత వంకర పోకుండా ఎట్ల గీస్తారని.

"డబ్బాను చూడగూడదు తల్లీ.
ఆ చివర పాతిన కట్టెను చూస్తా నడవాల."
ఉత్త చెయ్యి ఆడిస్తా
నున్నటి టైల్స్ మీద పోయినాడు.
వెనక పాప, పాప వెనక వాళ్ళమ్మ,
కెమెరాలోళ్ళు నలుగురు,
టికెట్టు చించే పిల్లోడు గూడా,
అందరూ గీత తొక్కకుండా, పక్కపక్కనే.

బయట నా ఆటో అడ్డమని
ఎవరో హారను కొడతానే ఉండారు.
కొట్టనీ.