దారం కట్టని పువ్వు

గద్వాలలో ఎరువుల దుకాణం పైన
రేకుల గది నా ఆఫీసు.
కింద యూరియా బస్తా దించినప్పుడల్లా
స్క్రీన్ మీద కర్సరు కూడా కొంచెం అదురుతుంది.

అయిజ వైపు పత్తి విత్తనం చేన్లల్లో
క్రాసింగు కూలీల లెక్క రాయడం పని.
మనిషికో డాక్యుమెంటు.
ఒకరి దాంట్లో ఊరుంటుంది, ఒకరి దాంట్లో మేస్త్రీ పేరు,
ఒకామె దాంట్లో "ఎడమచేతి వాటం" అని ఉంది, ఎవరు రాశారో.
ఈ డేటాబేసు గుణమే అంత:
ఏది పెట్టినా వద్దనదు,
ఏది పెట్టకపోయినా అడగదు.

మంగళవారం తెల్లారేసరికి ఫోను.
"సారూ, నేను బింగిదొడ్డి హులిగెమ్మను.
రాత్రి నుంచి నా ఫోను ఊకుంటలేదు.
నలపై ఒక్క మెసేజులు.
అన్నిట్ల నా పేరే, అన్నిట్ల నాకే కూలి.
నేను పోయింది ఆరు దినాలు.
మిగతా దినాలు ఎవరి చేతులతోని చేసినట్టు?"

లాగ్ తెరిచి చూశాను.
ఒకటి ఆమెదే. మిగతా నలభైకి ఐడీ లేదు.
ఐడీ లేకుండానే నా ఏపీఐ పోయి తలుపు కొట్టింది.
"ఎవరు కావాలె?" అంటే
మాట్లాడకుండా నిలబడింది.
ఆ మౌనాన్ని "ఎవరైనా సరే" అని విన్నది డేటాబేసు.
వరసలో ముందున్న హులిగెమ్మను
రెక్క పట్టుకుని బయటికి పంపింది.
నలభై సార్లు.
ఎర్రగీత ఒక్కటీ పడలేదు.
ప్రతి జవాబు మీదా రెండు వందల ముద్ర, అంతా సవ్యం.

సరే, ఐడీ నల్ అయినవాళ్ళను వెతకమన్నాను.
గడిలో ఖాళీ పెట్టినవాళ్ళూ
అసలు గడే గీయనివాళ్ళూ
ఒకే గుంపుగా లేచి వచ్చారు.
దానికి ఇద్దరిదీ ఒకటే మొహం.
మనకు అట్లా కాదు కదా!
ఇంట్లో లేడు వేరు, పుట్టనే లేదు వేరు,
ఇయ్యలేదు వేరు,
ఇచ్చినా రాసుకోలేదు వేరు.

మధ్యాహ్నం బండేసుకుని బింగిదొడ్డి పోయాను.
నిన్న పుప్పొడి తీసిన పువ్వుకు
మగపువ్వు రుద్ది
ఎర్ర దారం చుట్టే పని పొద్దున్నే అయిపోయిందట.
హులిగెమ్మ గట్టు మీద సద్ది విప్పుతోంది.
"దారం కట్టుడు మరిచిన పువ్వు ఏమైతది?" అన్నాను.

"కాయ కాస్తది. కాయకు నీ దారంతోని ఏం పని?
ఏరేటప్పుడు వేరే సంచిల ఎయ్యాలె, అంతే.
మంచి విత్తనంల కలిపితె
కంపెనోడు లాటు లాటు తిప్పి పంపుతడు.
పారేస్తెనా, మా చెమట పారేసినట్టు."
ముద్ద నోట్లో పెట్టుకుని అడిగింది:
"నీ డబ్బాల వేరే సంచి లేదా?"

లేదు.
ఈ లేదు ఏ లేదో నాకు బాగా తెలుసు:
కుట్టడం నేనే మరిచిపోయాను.

నలభై పేర్లు చదివాను.
ఇరవై తొమ్మిది మంది ఎవరో టకటక చెప్పింది,
నర్వ నుంచి వచ్చిన కుర్మన్న, వాని మరదలు ఈరమ్మ,
రోజూ ఆలస్యంగా వచ్చే లాలప్ప.
మిగతా పదకొండు దగ్గర ఆగింది.
"వాళ్ళకు నంబరు ఎందుకు లేదో నన్ను అడగకు,
మేస్త్రీని అడుగు."
చెయ్యి ఎత్తకుండా గడ్డంతో చూపించింది.
గట్టు చివర బడి సంచులు.
పత్తిచెట్లలో తలలు కనబడటం లేదు,
చెట్లు కదులుతున్నాయి.

రాత్రి రాశాను:
ఐడీ రాకపోతే తలుపు కొట్టొద్దు,
ఏది రాలేదో చెప్పి వెనక్కి పంపు,
పేరును వేరే సంచిలో దాచు.
వయసు అని ఒక ఫీల్డు కూడా చేర్చాను.
ఇప్పటిదాకా ఎవరూ నింపలేదు.
పొరపాటున లేకపోవడం ఒకటి,
ఉండకూడదని లేకుండా చేయడం ఒకటి;
రెండోదానికి ఏ కోడు పంపాలో
నాకింకా తెలియదు.

వారం తర్వాత హులిగెమ్మ ఫోను.
"ఇప్పుడు ఒక్కటే వచ్చింది సారూ, నాదే.
మరి ఆ పిల్లలది ఏ ఫోనుకు పోయింది?"