మాసిక

ముందు చెయ్యి చాపమన్నారు.
చిన్న డబ్బాలోంచి తీసి అరచేతిలో పెట్టారు.
నమూనా అట. అచ్చం ఇలాంటిదే లోపల ఉంటుందట.
రెండు చిన్న పళ్లాలు, మధ్యన పొట్టి నడుము,
వెంట్రుకంత తీగతో అల్లిన వల.
దాని కళ్లు లెక్కపెట్టాను, అలవాటు.
"ఎవరు అల్లారు?"
డాక్టర్ కస్తిన్యేయ్‌రా నవ్వాడు. "యంత్రం."
అనుకున్నాను. ఎక్కడా ముడి లేదు.

మల్పీకా రేవులో నలభై ఏళ్లుగా
వలలకి మాసికలేస్తున్నాను.
రాయి కొరికినవి, సొర చీల్చినవి,
మగాళ్ల తొందరకి చినిగినవి.
నా గుండెకే ఓ చిల్లుందని,
పై గదుల మధ్య గోడలో పుట్టినప్పట్నుంచీ
కిటికీ తెరిచే ఉందని
యాభై ఏడో ఏట మెట్లెక్కలేక కూలబడితే గాని తెలీలేదు.
కత్తి పెట్టలేదు. తొడ దగ్గర నరంలోంచి
గొడుగు ముడిచి పంపి లోపల విప్పారు.
మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చాను.

"ఆర్నెల్లు, ఒబ్దూలియా.
నీ ఒంటి పొరే దానిమీదికి పాకి కప్పేస్తుంది.
అందాకా ఈ రెండు మాత్రలూ మానకు."

రెండోది మానేశాను.
దాపరికమెందుకు.
చిగుళ్లు కారేవి. మోచెయ్యి బల్లకి తగిలితే వంకాయ రంగు.
దారం పళ్లతో తెంపుతాను నేను,
తెల్ల నైలాను మీద ఎర్ర చుక్కలు పడేవి.
వల తీసుకెళ్లడానికొచ్చిన కుర్రాడు
ఏమీ అనలేదు, చేతులు మాత్రం ప్యాంటుకి తుడుచుకున్నాడు.
ఆ రాత్రే డబ్బాని సొరుగులోకి తోశాను.

సముద్రం తెలిసినదాన్ని, నాకు తట్టాల్సింది.
దక్షిణాన మా నీటిపాయల్లో తెప్పలు కట్టి
కింద తాళ్లు వేలాడదీస్తారు.
పేరంటానికి పిలవక్కర్లేదు.
ఇసుక రేణువంత ఆల్చిప్ప వచ్చి పట్టుకుంటుంది,
దాన్ని పట్టుకుని ఇంకోటి, దాన్ని ఇంకోటి,
ఏడాది తిరిగేసరికి తాడు కనపడదు.
నీళ్లలో కొత్తది ఏది ముంచినా
నీళ్లు ఊరికే వదలవు.
నెత్తురు వదుల్తుందా?

నాలుగో నెల చివర కన్నున్న గొట్టం మింగించారు.
సగం మత్తులో తెర చూశాను.
బూడిదరంగు పోటు. పోటులో నా వల.
ఎడం పళ్లెం అంచున
గోరంత ఏదో
ఊగుతోంది,
గుండె కొట్టినప్పుడల్లా తలాడిస్తూ
ఔను, ఔను, ఔను.
పరీక్ష చేసే పిల్ల అప్పటిదాకా వాళ్ల పిల్లి గురించి చెబుతోంది.
ఆపేసింది.

"ఎడంవైపు కదా..." అన్నాడు డాక్టర్.
తర్వాతది నేనే పూర్తి చేసుకున్నాను.
ఊడితే తలకి.

పొట్టలో సూదులు, పొద్దునా రాత్రీ.
తర్వాత నెత్తురు పలచబరిచే మాత్ర,
వారం వారం వేలి మీద పోటు.
టర్నిప్ ఆకు కూర ఇష్టమొచ్చినట్టు తినకూడదన్నారు,
మా ఊళ్లో చలికాలం ఆ కూర మానడమంటే
పండగ నాడు చెప్పుల్లేకుండా తిరగడం.
మానాను. ఈసారి అన్నీ చెప్పినట్టే చేశాను.
దారం కత్తెరతో కోశాను.

తొమ్మిదో వారం తెర మీద అంచు శుభ్రం.
"కరిగిపోయింది" అన్నాడు.
పిల్లి ఈనిందని చెప్పింది పిల్ల.

కరిగిందా, బయల్దేరిందా?
అడగలేదు. అడిగితే
ఆయనకి తెలియని సంగతి ఆయన మొహంలో చూడాలి.

ఇప్పుడు పొద్దున్నే లేవగానే
కాఫీ పొయ్యి మీద పెట్టి
రేవులో పడవల పేర్లు పైకి చెప్పుకుంటాను,
గట్టు చివర్నుంచి, వరసగా.
తర్వాత ముడుల పేర్లు.
తర్వాత చచ్చిపోయిన అక్కచెల్లెళ్ల పేర్లు.
ఏ ఒక్కటి తప్పినా
ఎక్కడ చినిగిందో తెలుస్తుందని.

నిన్న ఒక పడవ పేరు రాలేదు.
కిటికీ తీసి చూశాను.
అది వేటకెళ్లింది, అంతే.
ఖాళీ చోట నీళ్లు
కదులుతున్నాయి.